తల్లిగారింటికి రెండు చుక్కలు

మా అత్తమ్మ రాములవ్వకు పేపరులో అక్షరాలు కనిపించవు. చీర మీద నలక ఉంటే మాత్రం వీధి చివర నుంచే కనిపిస్తుంది. అందుకే సిరిసిల్ల నుంచి వచ్చిన చీరల కట్టను ముందుగా ఆమె దగ్గరే విప్పాను. జగిత్యాలలో మా ఆడపడుచు గీత పెళ్లి. ఇంటి ఆడవాళ్లందరం ఒకే రకం చీర కట్టుకోవాలని ముచ్చటపడి నేయించుకున్నవి అవి.

వంకాయ రంగు చీర, జరీ అంచు. అంచులో వరుసగా దీపాలు, దీపానికీ దీపానికీ మధ్య ఒక ఆకు. నేను మురిసిపోయాను. మా అత్తమ్మ మాత్రం అంచు మీద చెయ్యి పెట్టి, తీయడం మర్చిపోయింది.

“గీ దీపాలు నేను యాడనో జూసిన” అంది.

“దీపాలే గద అత్తమ్మా. శానా చీరల మీద ఉంటయ్.”

“గవి ఏరు. గివే దీపాలు జూసిన నేను.”

లేచి లోపలి గదిలోకి వెళ్లింది. చుట్టచుట్టిన ఫ్లెక్సీ ఒకటి తెచ్చి నేల మీద పరిచింది. మొన్నటి చలికాలంలో మామయ్య ఏడాదికి, అంటే సంవత్సరీకానికి, వాకిట్లో కట్టింది. నడుమ మామయ్య ముఖం, కింద శ్రద్ధాంజలి, చుట్టూ అంచు. ఆ అంచులో అవే దీపాలు, అదే ఆకు. ఆకు కొస కూడా అటే వంగి ఉంది.

“గిది మీ మామ ఏడాది అంచు. గిది గట్టుకొని పెండ్లి పందిట్ల దిరగాల్నా?” అని నా ముఖంలోకి చూసింది.

నేను ఫోను వెతుక్కున్నాను. ఎందుకంటే ఆ ఫ్లెక్సీ చేసిందీ స్వప్ననే, ఈ అంచు గీసి పంపిందీ స్వప్ననే. రెండూ నా పూచీ మీద, ఏ బొమ్మ వేయాలో ఆమెకే వదిలేసి చేయించినవే. స్వప్న నా స్నేహితురాలు. ఈ కథ ఆమెదే.

స్వప్న పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల చప్పుడులో. మరమగ్గాలు రాత్రింబవళ్లు నడిచే వీధిలో పుట్టిన పిల్లలు గట్టిగా మాట్లాడటం పుట్టుకతో నేర్చుకుంటారు. ఆమె గొంతు విన్నవాళ్లు కొట్లాటకు వచ్చిందనుకుంటారు. సగంసార్లు నిజంగానే కొట్లాటకు వస్తుంది, అది వేరే సంగతి. వాళ్ల నాన్న ఓదెలు మగ్గాలు నడుపుతూనే అంచులు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఎర్ర పెన్నుతో ఒక్కో గడీ నింపుతూ పోతే చివరికి అది చిలుకో, మామిడి పిందో అయ్యేది. గళ్ల కాగితాన్ని అట్ట మీద పెట్టి, అట్టను బిడ్డ ఒడిలో పెట్టేవాడు. ఆయన గీత గీస్తే ఆమె గళ్లు నింపేది. నిండిన కాగితాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొట్టేవాళ్లు. ఆ బెజ్జాల అట్టలు మగ్గం నెత్తిన ఎక్కి, ఏ పోగు లేవాలో ఏది దిగాలో మగ్గానికి చెప్పేవి. “మగ్గానికి అక్షరాలు రావు బిడ్డా, బెజ్జాలు చదువుతది” అనేవాడట ఆయన.

బెజ్జాలు చదివే యంత్రం తెలిసిన పిల్లకు కంప్యూటరంటే బెదురెందుకు? డిగ్రీకి జగిత్యాల వచ్చి నాతోపాటు కంప్యూటర్ల గ్రూపులో చేరింది. ఇద్దరం ఒకే గదిలో అద్దెకు ఉన్నాం. నేను పుస్తకాన్ని బట్టీ పట్టేదాన్ని. ఆమె పుస్తకంతో పోట్లాడేది.

ఒకరోజు ల్యాబులో సారు నల్ల స్క్రీను తెరిచి చెబుతున్నాడు. “మీరు ఏ ఫోల్డరులో నిలబడి ఉన్నారో అది కరెంట్ డైరెక్టరీ. దానికి ఒక మెట్టు పైన ఉన్నది పేరెంట్ డైరెక్టరీ. పేరు తెలియక్కర్లేదు. రెండు చుక్కలు పెడితే చాలు, పైకి వెళ్లిపోతారు.”

వెనక వరుస నుంచి స్వప్న గొంతు లేచింది.

“అంటే తల్లిగారిల్లా సార్?”

ల్యాబంతా పగలబడి నవ్వింది. సారు కూడా నవ్వాపుకోలేక బోర్డు వైపు తిరిగాడు. స్వప్న తగ్గలేదు.

“నవ్వుడేందే? ఉన్న కాడ నుంచి లేస్తే ఆడిది ముందుగాల పొయ్యేది యాడికి? తల్లిగారింటికే గద. గిక్కడ బస్సు కిరాయి సుత లేదు. రెండు చుక్కలు పెడితే అవ్వ ముంగట నిలవడుతవ్.”

ఆ తర్వాత మా బ్యాచీలో పేరెంట్ డైరెక్టరీ అన్నవాళ్లు లేరు. అందరికీ అది తల్లిగారిల్లే. ఒక అమ్మాయి పరీక్షలో కూడా అదే రాసి మార్కు పోగొట్టుకుంది.

చదువయ్యాక స్వప్నను కోరుట్ల ఇచ్చారు. భర్త శ్రీశైలానికి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ షాపు. నెమ్మదైన మనిషి. ఎంత నెమ్మదంటే, వాళ్లింట్లో పోట్లాట కూడా స్వప్న ఒక్కతే రెండు వైపులా పోట్లాడుకోవాలి. షాపులో ఆమే డిజైనరు. లీడర్ల పుట్టినరోజులు, అయ్యప్ప పడిపూజలు, ఓణీల ఫంక్షన్లు, శ్రద్ధాంజలులు అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. నవ్వే ముఖానికి ఒక రకం అంచు, పోయిన ముఖానికి ఇంకో రకం అంచు. ఫ్లెక్సీ వాళ్లు కూడా దాన్ని అంచు అనే అంటారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది అదే.

ఓదెలు పోయాక సిరిసిల్లలోని మగ్గాల షెడ్డు తమ్ముడు చందు చేతికి వచ్చింది. బెజ్జాల అట్టల కాలం పోయిందని కంప్యూటరు జకార్డు మగ్గాలు పెట్టించాడు. వాటికి అంచు ఫైలుగా ఇవ్వాలి. “ఎవలతోని గీపిద్దమే?” అని తల్లి బాలమణిని అడుగుతుంటే, ఫోనులో వింటున్న స్వప్న “నేను సచ్చిన్నా?” అంది. అలా మొదలైంది. నాన్న గీసిన గళ్ల కాగితాలన్నీ కోరుట్ల తెచ్చుకుంది. పొద్దంతా ఫ్లెక్సీలు చేసి, గిరాకీ తగ్గిన సందులో ఒక్కో అంచునూ గడీ గడీ కంప్యూటరులోకి ఎక్కించింది. చిలుకలు, మామిడి పిందెలు, గుడి గోపురాలు. అవన్నీ సిరిసిల్ల అనే ఫోల్డరులో పెట్టుకుంది.

ఆ ఫోల్డరు లోపల ఇంకో చిన్న ఫోల్డరు. అందులో ఆమె రాసుకున్న స్క్రిప్టు, అంటే కంప్యూటరు వరుసగా చేయాల్సిన పనుల చీటీ. దాన్ని నడిపితే అది రెండు చుక్కలతో ఒక మెట్టు పైకి, అంటే సిరిసిల్ల ఫోల్డరులోకి పోతుంది. అక్కడ ‘అంచు’ అనే పేరున్న బొమ్మను తీసుకుంటుంది. మగ్గానికి సరిపోయే కొలతకు కుదించి, షెడ్డులోని కంప్యూటరుకు పంపుతుంది. చందు దాన్ని పెన్‌డ్రైవులో వేసి మగ్గానికి గుచ్చుతాడు. ఏ అంచు నేయాలంటే దానికి స్వప్న ‘అంచు’ అని పేరు పెడుతుంది, అంతే. బిడ్డ లేచి తల్లిగారింటికి పోయి సారె తెచ్చినట్టు ఉంటుందని నాకు చూపించి మరీ మురిసింది.

ఆ పని ఆమెకు ఏమిటో చెప్పకపోతే మీకు ఈ కథ అర్థం కాదు. కోరుట్లలో ఆమెకు లోటు లేదు. అయినా ఆ గళ్లు నింపే కాసేపు ఆమె ఓదెలు బిడ్డ. “బాపు గీత మీద నా చెయ్యి పడుతదే, అప్పుడు ఆయన ఇంక పోలేదనిపిస్తది” అని ఒకసారి అంది. ఎప్పుడూ అరిచే మనిషి ఆ మాట మెల్లగా అంది.

అత్తమ్మ ఫ్లెక్సీ పరిచిన మధ్యాహ్నం స్వప్నకు ఫోను చేశాను. విషయం చెప్తే మొదట పకపకా నవ్వింది. “మీ మామ పెండ్లికి తానే అచ్చిండు తియ్యే” అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. “ఉండు, జూస్త” అని ఫోను పక్కన పెట్టింది. కీబోర్డు చప్పుడు వినిపించింది. మళ్లీ ఫోను ఎత్తినప్పుడు గొంతు వేరుగా ఉంది.

“తప్పు నాదే పద్మజా.”

జరిగింది ఇది. ఆ రోజు షాపు నిండా జనం. ఆమె ఎవరిదో శ్రద్ధాంజలి చేస్తోంది. చందు ఫోను చేసి “అక్కా, మగ్గం ఆగింది, జగిత్యాల చీరల అంచు జెల్ది పంపు” అన్నాడు. నా చీరలకు చిలుకల అంచు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టింది. స్క్రిప్టు నడపడమే మిగిలింది. రోజూ ఆ చిన్న ఫోల్డరులోకి పోయి నడిపేది. ఆ రోజు తీరిక లేక, శ్రద్ధాంజలి ఫోల్డరులో ఉన్నచోటే ఉండి దాన్ని పిలిచింది. అది నడిచింది. రెండు చుక్కలు పట్టుకుని శ్రద్ధాంజలికి ఒక మెట్టు పైకి పోయింది. అది ఫ్లెక్సీ ఫోల్డరు. అక్కడ కూడా ‘అంచు’ అనే బొమ్మ ఉంది, శ్రద్ధాంజలులన్నిటికీ వాడేది. దీపాల అంచు. దాన్నే కుదించి సిరిసిల్లకు పంపింది. షెడ్డులో ఎవరికీ అనుమానం రాలేదు. దీపాలు ముద్దుగా ఉన్నాయని మగ్గం నడిపే మొగిలి మెచ్చుకున్నాడు కూడా.

“రెండు చుక్కలంటే దాని తల్లిగారిల్లు అనుకున్ననే నేను. గాదు. పిలిచినోళ్లు యాడ నిలవడితే ఆడికి ఒక మెట్టు పైన, గంతే. అత్తగారింట్ల నిలవడి అవ్వ యాడున్నదే అంటే, అది అత్తను జూపిచ్చింది” అంది స్వప్న.

“మల్ల చీరలు?”

“చిలుకలయి మల్ల నేపిస్త. పెండ్లికి టైమున్నది గద. గవి తీస్కొని రేపు సిరిసిల్ల రా. చందుకు నేనే చెప్త.”

మరునాడు నేను జగిత్యాల నుంచి, ఆమె కోరుట్ల నుంచి సిరిసిల్ల చేరాం. షెడ్డులో చందు మగ్గం పక్కనే ఉన్నాడు. స్వప్న చీర విప్పి, సాకు చెప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు నాదేనని మళ్లీ అంది. చందు అంతా విని, చేతులు తుడుచుకుని, ఎప్పటి నుంచో నోట్లో నానుతున్న మాట బయట పెట్టాడు.

“ఇగ నువ్ ఇడిసిపెట్టక్కా. సూరత్‌ల ఒకాయన ఉన్నడు, అంచులు ఆయనే పంపుతడు.”

“తప్పు ఎట్లయిందో దొరికింది. దిద్దుత గద.”

“తప్పని గాదు. నీకు ఇల్లున్నది, షాపున్నది. పెండ్లయి పోయినదానివి, గీ షెడ్డు రంది నీకెందుకు? ఆడపిల్ల అంటే ఆడి పిల్లనే గని ఈడి పిల్ల గాదని ఊకెనే అన్నరా పెద్దలు?”

ఇదే సూరత్ ఆయన పోయిన ఏడాది నెమళ్లను తలకిందులుగా పంపాడు. కాళ్లు పైకి పెట్టి నడిచే నెమళ్లను షెడ్డంతా చూసింది. అప్పుడు చందు “అయితుంటయ్” అన్నాడు. ఆయన తప్పు చేస్తే పొరపాటు, అక్క తప్పు చేస్తే ఆమె పెళ్లి గుర్తొచ్చింది! నేను ఆ మాట నోటిదాకా తెచ్చుకున్నాను. స్వప్న నా చెయ్యి నొక్కి ఆపింది. ఆమె ఊరుకోవడం నేను అదే మొదటిసారి చూశాను. నాకు భయమేసింది.

ఇంట్లో బాలమణి చాయ్ ఇచ్చి, బిడ్డ తల నిమిరింది. “పోనియ్యి బిడ్డా, వాని షెడ్డు వాడు జూస్కుంటడు. నీకేం తక్కువ? వచ్చే శుక్రవారం మంచిగున్నది, నీకు ఒడిబియ్యం పోస్త. అల్లున్ని తీస్కొని రా.”

స్వప్న చాయ్ గ్లాసు కింద పెట్టింది. “వస్త అవ్వా. తప్పకుంట వస్త” అంది.

జగిత్యాలకు తిరిగి వస్తూ ఆమె వెంట కోరుట్లలో దిగాను. షాపులో శ్రీశైలం విషయం విని, తనకు తోచిన ఉపాయం చెప్పాడు.

“ఫ్లెక్సీ అంచుకు ‘ఫ్రేము’ అని పేరు మారుద్దాం. ఇగ కలవదు.”

“పేరు మార్చుడు ఎందుకయ్యా? దాని పేరు దానికుండనియ్యి, దీని పేరు దీనికుండనియ్యి. ఎతికే తీరు తప్పున్నది, అది మారాలె.”

కూర్చుని స్క్రిప్టు తెరిచింది. మొదటి వరుస చెరిపేసింది. కొత్త వరుస రాసింది. నేను వంగి చూశాను. ఇప్పుడు అది లేవగానే ముందు తన సొంత చిరునామా అడుగుతుంది, నేనున్న ఫైలు ఏ ఫోల్డరులో ఉందని. తర్వాతే రెండు చుక్కలు. అంటే ఎవరు ఎక్కడి నుంచి పిలిచినా, అది తన ఇంటి నుంచే పైకి లెక్క కడుతుంది.

“ఇన్ని దినాలు ఇది ‘ఏడ నిలవడ్డవ్’ అని అడిగింది. ఇగ నుంచి ‘ఏడ పుట్టినవ్’ అని అడుగుతది” అంది. స్క్రీను వైపు చూస్తూనే అంది గానీ, ఆ మాట స్క్రిప్టుకు చెప్పింది కాదు.

“మంచిగ దిద్దినవ్ గని, పనే తీసేసిరి గదనే” అన్నాను.

“తీసేసింది వాడు. ఇడిసింది నేను గాదు.”

దీపాల చీరలు నా దగ్గరే ఉండిపోయాయి. షెడ్డులో ఇవ్వబోతే చందు తీసుకోలేదు. వాటిని ఇంట్లో ఒక మూల పెట్టి, మా అత్తమ్మకు జరిగిందంతా చెప్పాను. స్క్రిప్టు సంగతి ఆమెకు ఎంత అర్థమైందో గానీ, ఆడి పిల్ల మాట దగ్గర మాత్రం ఆగి మళ్లీ చెప్పించుకుంది. వక్కపలుకు నోట్లో వేసుకుంది. తర్వాత లేచి కట్ట విప్పి, ఒక చీర తీసి ఒంటికి చుట్టి చూసుకుంది.

“మంచిగనే ఉన్నదే” అంది.

“నువ్వే గదత్తమ్మా చావు అంచన్నది?”

“అన్న. దీపాలకేం దెల్సు, ఎవలి పెండ్లో ఎవలి చావో? మీ మామ కాడ వెలిగినయి ఆయన బిడ్డ పెండ్లికాడ వెలుగద్దా? ఎవలేమన్న అననియ్యి, నేను గిదే గట్టుకుంట. ఇంగోటి గా స్వప్న పిల్లకు ఇచ్చి రా. తాను జేసిన తప్పు తానే కట్టుకోవాలె. సిగ్గుపడి గాదు, తల లేపి.”

మా అత్తమ్మతో నేను ఏడాదికి ఒక్కసారి ఏకీభవిస్తాను. ఆ ఏడాదికి అదే.

చీర స్వప్నకు ఇచ్చి, శుక్రవారం ఆమె వెంట నేనూ సిరిసిల్ల వెళ్లాను. బాలమణి ఇల్లు ఆడవాళ్లతో నిండిపోయింది. పెద్ద తాంబాలంలో పసుపు కలిపిన బియ్యం. వాటిలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు. పెళ్లయిన బిడ్డకు తల్లిగారింటివాళ్లు ఒడిలో ఆ బియ్యం పోసి, చీర పెట్టి సాగనంపుతారు. పక్కనే షెడ్డు. శుక్రవారమైనా మగ్గాలు ఆగలేదు.

స్వప్న లోపలి గది నుంచి వచ్చింది. వంకాయ రంగు చీర, దీపాల అంచు. చందు భార్య సంగీత కొత్త పట్టుచీర పళ్లెంలో పెట్టుకుని నిలబడిపోయింది. బాలమణి బియ్యం కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

“ఓ పిల్లా! ఒడి నింపుకునే పూట చావు అంచు గట్టుకుంటరే? అశుభమే తల్లీ!”

“అశుభమైతే నా పేరే పెట్టుండ్రి. తప్పు నాది, అంచు నాది, ఒడి గూడ నాదే” అని స్వప్న పీట మీద కూర్చుంది. ముత్తైదువలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాలమణి గొణుగుతూనే బొట్టు పెట్టి, బియ్యం దోసిట్లోకి తీసుకుంది. స్వప్న కొంగు పట్టలేదు. రెండు చేతులూ ఒడి మీద బోర్లించి మూసింది.

“ఆగవ్వా. చందూ, ఇటు రా.”

వాకిట్లో బావతో మాట్లాడుతున్న చందు లోపలికి వచ్చాడు.

“ఒక్క ముచ్చట చెప్పు తమ్మీ. నేను ఆడి పిల్లనా, ఈడి పిల్లనా?”

“గదేందక్కా, అందరి ముంగట?”

“అందరి ముంగటనే. మగ్గాల చప్పుడుల అన్న మాట మంది ముంగట గూడ అనాలె. నేను ఆడి పిల్లనైతే గీ బియ్యం ఎందుకురా? పెండ్లయిన బిడ్డ గీ ఇంటిది గాదంటే, గీ ఇంటి బియ్యం దాని ఒడిల ఎందుకు పోస్తరు? ఊకెనే బరువు మోపిచ్చేటందుకా?”

వెనక ఎవరో ముసలామె కిసుక్కున నవ్వి, వెంటనే కొంగు అడ్డం పెట్టుకుంది. చందు ముఖం ఎర్రబడింది.

“ఒడిబియ్యం ఏరు, షెడ్డు ఏరు. నీకేం తక్కువ జేసినం? చీర దెచ్చినం, బియ్యం దెచ్చినం.”

“ఏరు గాదు. బాపు నా ఒడిల బియ్యం ఒక్కటే పోసిండా? గళ్ల కాయితం ఎవలి ఒడిల పెట్టిండు? నువ్ గప్పుడు గోటీలాడుతుంటివి. గా చిలుకల కండ్లు, ముక్కులు నేను నింపిన. గిదే ఒడిల పెట్టుకొని నింపిన.” ఆమెకు కన్నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. “పోస్తే రెండు పొయ్యి. బియ్యం పొయ్యి, పని ఇయ్యి. లేకుంటే ఏదద్దు. ఖాళీ ఒడితోని పోత. బస్సులు మస్తున్నయ్.”

ఒడిబియ్యానికి పిలిచి బిడ్డను ఖాళీ ఒడితో పంపిన ఇల్లు మా దగ్గర ఎక్కడా లేదు. ఆ మాటకు ముత్తైదువలు బాలమణి వైపు తిరిగారు. శ్రీశైలం గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “పోదామంటే పోదాం” అన్నాడు భార్యతో. ఆ నెమ్మది మనిషి అంత గట్టిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

బాలమణి దోసిట్లో బియ్యం అలాగే ఉంది. ఆమె బిడ్డ వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. బియ్యాన్ని మళ్లీ తాంబాలంలో పోసి, తాంబాలాన్ని చందు ముందుకు జరిపింది.

“బియ్యం నువ్వే పొయ్యిరా. నేను పోస్తే దాని మాటకు జవాబు గాదు.”

చందు నిలబడే ఉన్నాడు. “మల్ల తప్పు వోతే?” అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

“పోతది. తప్పు వోకుంట నేసినోడు సిరిసిల్లల యాడున్నడు? పోగు తెగితే మగ్గం అమ్ముకుంటమా? అతుకుతం. నేను దిద్దుత.”

చందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దోసిలి నింపాడు. స్వప్న చేతులు తీసి కొంగు పట్టింది. అతను పోస్తుంటే కొన్ని గింజలు నేల మీద, కొన్ని దీపాల మీద పడ్డాయి.

“ఈడి పిల్లవే” అన్నాడు. “అంచులు నువ్వే పంపు.”

ఆ తర్వాత బాలమణి పోసింది, సంగీత పోసింది, ముత్తైదువలందరూ పోశారు. ఒడి బరువెక్కింది. ఆనవాయితీ ప్రకారం స్వప్న లేచి, అందులోంచి కొన్ని పిడికెళ్లు తీసి తల్లిగారింటి బియ్యంలో కలిపింది. మిగతావి నడుముకు కట్టుకుంది. అక్కడితో ఇక భోజనాలే అనుకున్నారు ఆడవాళ్లు. ఆమె మాత్రం ఒక చేత్తో ఒడి పట్టుకుని, నేరుగా షెడ్డులోకి నడిచింది. నేనూ వెంట పోయాను, చందూ వచ్చాడు.

పర్సులోంచి పెన్‌డ్రైవు తీసింది. “పద్మజ వాళ్ల అంచు. పొద్దుగాల షాపులనే స్క్రిప్టు నడిపి, షెడ్డుకు పంపకుంట గిండ్ల ఎక్కిచ్చుకొని వచ్చిన” అని మొగిలికి ఇచ్చింది. అంటే చందు జవాబు చెప్పకముందే అంచు తయారై ఆమె పర్సులో ఉంది. చందు అది గమనించాడు. పక్కకు జరిగి మొగిలికి దారి ఇచ్చాడు.

మొగిలి పెన్‌డ్రైవు గుచ్చి మగ్గం నడిపాడు. మేం ముగ్గురం అంచు వైపే చూస్తూ నిలబడ్డాం. ఇప్పుడు కూడా దీపాలే వస్తే?

“ఈసారి యాడ నిలవడి నడిపినవే స్క్రిప్టును?” అని ఆమె చెవిలో అరిచాను. ఆ చప్పుడులో అరవక తప్పదు.

“శ్రద్ధాంజలి ఫోల్డర్లనే” అంది. “కావాలనే ఆడ నిలవడి పిలిచిన.”

అంచులో మొదట ఒక ముక్కు కనిపించింది. తర్వాత కన్ను. స్వప్న ఒడి గట్టిగా పట్టుకుని ముందుకు వంగింది. ఓదెలు గీసిన చిలుక, ఆయన బిడ్డ నింపిన చిలుక, గడీ గడీ పైకి లేచి వచ్చింది.